నాగసుబ్బయ్య సెట్టి పాటల పెట్టె

కర్నూలు పాతవూరిలో, ఇనుప అంగళ్ల సందులో, ఎదురెదురుగా రెండు అరుగులుండేవి. ఒకటి నాగసుబ్బయ్య సెట్టిది. రెండోది ఆయన మేనత్త కొడుకు పెంచలయ్యది. సెట్టి అరుగుకు నల్లటి కడప బండలు పరిచినారు. వంగి చూస్తే మొగం కనపడేంత నునుపు. పెంచలయ్యది మట్టి అరుగు. వానొస్తే ఒక మూల కరుగుతుంది, ఎండొస్తే ఇంకో మూల పగులుతుంది. అయినా పొద్దు వాలేసరికి సందులోని మొగవాళ్లంతా పోయి ఆ పగుళ్ల మీదనే కూర్చునేవాళ్లు. నున్నటి అరుగు మీద నాగసుబ్బయ్య సెట్టి ఒక్కడే, తాళం వేసిన అంగడి మాదిరి కూర్చునేవాడు.

ఎందుకట్లా అంటే, ఆయనకు తప్ప అందరికీ తెలుసు. ఎవరన్నా దావన పోతూ పోతూ కూర్చుంటే, ముందు "కాళ్లు దులుపుకుంటివా?" అని అడుగుతాడు. తర్వాత "ఆ స్తంభానికి ఆనుకోవద్దప్పా, తల నూనె అంటుతుంది" అంటాడు. అప్పటికీ లేవకపోతే మాటలు మొదలుపెడతాడు. ఇంక ఎంత మొండివాడైనా లేవాల్సిందే. నీకు జ్వరమొచ్చిందంటే ఆయనకు అంతకంటే పెద్ద జ్వరం వచ్చి ఉంటుంది. నీ ఎద్దు చచ్చిపోయిందంటే వాళ్ల తాతకు జోడెద్దులు ఒకే పూట చచ్చి ఉంటాయి. నీ కష్టం నీది కాకుండా పోతుంది, సుఖం సంగతి సరేసరి.

పెంచలయ్యకు చిల్లర అంగడి. వక్క, ఆకు, ఉప్పు, మిరపకాయలు అమ్ముకుంటాడు. మనిషి పెద్ద మాటకారి కూడా కాదు. ఎవరేం చెప్పినా "ఆఁ, తర్వాత?" అంటాడు. అంతే ఆయన విద్య. ఆ రెండు మాటల కోసం కోడుమూరు దావన పోయే బండ్లవాళ్లు కూడా ఎడ్లను ఆపుకుని దిగేవాళ్లు.

నాగసుబ్బయ్యకు ఇది కడుపులో ముల్లు. సిరి ఉంది, సంతానం ఉంది, సందులో అందరికంటే ఎత్తయిన మిద్దె ఉంది. లేనిదల్లా పొద్దువాలే పూట తన అరుగు మీద పది మంది మనుషులు. చచ్చేలోగా ఒక్కసారన్నా తన అరుగు నిండాలని, తాను మధ్యలో కూర్చోవాలని ఆయన కోరిక. పెద్ద కోరికేం కాదు. కానీ ఆయన దాన్ని పెద్ద కోరికలు తీర్చుకునే పద్ధతిలో, అంటే కొని తీర్చుకోవాలనుకున్నాడు.

మొదట పెట్రోమాక్సు లైటు తెచ్చి దూలానికి వేలాడదీసినాడు. సందంతా పట్టపగలైంది. ఆ వెలుతురు ఎదురు అరుగు దాకా పోయేసరికి, పెంచలయ్య అరుగు మీద వాళ్లు దీపం ఆర్పేసి, సెట్టి వెలుతురులో పులిజూదం ఆడుకున్నారు. తర్వాత మద్రాసు నుంచి పేపరు తెప్పించినాడు. వచ్చినవాళ్లు "ఒకసారి ఇయ్యి సెట్టీ" అని తీసుకుని, ఎదురుగా పోయి కూర్చుని, గట్టిగా చదువుకున్నారు. పేపరు మాత్రం మర్యాదగా తిరిగి ఇచ్చేవాళ్లు, మడతలు కూడా చెడకుండా.

"నీ అరుగు మీద కాకి కూడా వాలదు" అనేది భార్య రాజ్యలక్ష్మమ్మ. "వాలినా, రెక్కలు దులుపుకుంటివా అని అడుగుతావు."

ఇంతలో ఆంధ్ర రాష్ట్రం వచ్చి కర్నూలు దానికి రాజధాని అయింది. ఆఫీసులకు డేరాలు, డేరాల పక్కన కొట్టాలు, కొట్టాలకు రేకులు, రేకులకు మేకులు. రాష్ట్రం ఎవరికి ఏం చేసిందో గానీ, ఇనుప అంగడి సెట్టికి మాత్రం బాగా చేసింది. ఆ దుడ్లతో సరుకు కోసం మద్రాసు పోయినప్పుడు, ఒక పెద్ద సాహుకారి ఇంట్లో ఆయన ఆ పెట్టెను చూసినాడు.

బీరువాను అడ్డంగా పడుకోబెట్టినట్టుంది. ముందర గాజు పలక, దాని మీద ఊర్ల పేర్లు. ఒక బుడిపె తిప్పితే రేడియో. పైన మూత ఎత్తితే గ్రామఫోను. నల్లటి పాటల ప్లేట్లు ఒకదాని మీద ఒకటి పేర్చి పెడితే, ఒకటి అయిపోగానే ఇంకొకటి దానంతటదే కిందికి జారి పాడుతుంది, మనిషి చెయ్యి పెట్టే పని లేదు. రేడియోగ్రాం అంటారని సాహుకారి చెప్పినాడు. సెట్టి పెట్టెను చూడలేదు. దాని చుట్టూ జంపఖానా మీద నోరు తెరుచుకుని కూర్చున్న మనుషులను చూసినాడు.

"వెలుతురును ఎత్తుకపోతిరి, పేపరును ఎత్తుకపోతిరి. నలుగురు మోసే పెట్టెను ఎట్ల ఎత్తుకపోతారో చూస్తా" అనుకున్నాడు. నట్టింట్లో కిటికీ పక్కన పెట్టాలి. పాట కిటికీలో నుంచి తన అరుగు మీదికి రావాలి, జనం అరుగు మీద కూర్చుని వినాలి, తాను మధ్యలో కూర్చోవాలి. రైల్లో వచ్చేటప్పుడంతా ఇదే లెక్క.

పెట్టె రైలు దిగింది. స్టేషను నుంచి ఇంటికి దగ్గర దావ ఉన్నా, సెట్టి బండిని బురుజు చుట్టూ, బట్టల బజారు మీదుగా, కూరగాయల మార్కెట్టు మధ్యలో నుంచి తోలించినాడు. అడిగినవాడికీ చెప్పినాడు, అడగనివాడికీ చెప్పినాడు. ఇంటికి చేరేసరికి ఎద్దులకు నురగ, బండివాడికి కోపం, సెట్టికి గొంతు బొంగురు.

పెట్టెను బిగించేదానికి ఏసురాజును పిలిపించినాడు. ఏసురాజు మైకుసెట్టు మనిషి. పెండ్లిండ్లకు, మీటింగులకు మైకు కట్టేవాడు. రాజధాని వచ్చినప్పటి నుంచి ఆయన కాలు నేల మీద నిలవడం లేదు. చొక్కా జేబులో స్క్రూడ్రైవరు పెట్టుకుని, మంత్రికి పెన్ను మాదిరి దాన్ని అందరికీ కనపడేటట్టు తిరిగేవాడు.

"నేను వైరు కలపకుంటే మంత్రులు కూడా మూగోళ్లే సెట్టిగారూ" అంటూ వచ్చినాడు. వచ్చినప్పటి నుంచి పోయేదాకా నోరు మూయలేదు. మిద్దె ఎక్కి ఈ కొస నుంచి ఆ కొసకు తీగ కట్టినాడు. పెట్టె వెనక రేకు విప్పి, లోపల దీపాల మాదిరి ఉన్న గాజు బుడ్లు చూసి, "అబ్బబ్బ, ఏం సరుకు సెట్టీ! ఇట్లాంటిది నేను చూడనే లేదు" అని, చూడనిదాన్ని బిగించేసినాడు. ప్లేట్లను కూడా ఒక్కొక్కటి తీసి, తుడిచి, వరసగా పెట్టినాడు.

"ఒకసారి పలికించి చూస్తా" అని బుడిపె మీద చెయ్యి వేసినాడు.

"ఆగప్పా! ముట్టద్దు!" అని సెట్టి ఎగిరి దూకినాడు. "రేపు పది దాటినాంక మూర్తం. సంజీవశాస్త్రి పంచాంగం చూసి పెట్టినాడు. ఈ ఇంట్లో తొలిసారి అది మూర్తానికే పలకాల."

ఏసురాజు నెత్తి గోక్కున్నాడు. "పది దాటినాంకనా? ఆ ఏళకు రేడియో స్టేషన్లు పలకవు సెట్టిగారూ. పొద్దున కాసేపు పలికి మూస్తారు. మళ్ల మధ్యాహ్నం కాసేపు, సాయంత్రం కాసేపు తెరుస్తారు."

"మూర్తం ఏళకు మూస్తారా? ఎవరప్పా అట్ల మూసేది?"

"స్టేషనోళ్లు."

"వాళ్లకు మాత్రం పంచాంగం ఉండదా? రేపు దివ్యమైన ఘడియలుండాయి. సర్కారోళ్లు అంత పిచ్చోళ్లు కాదులే."

"మీ పెట్టె, మీ మూర్తం" అని ఏసురాజు స్క్రూడ్రైవరు జేబులో పెట్టుకుని వెళ్లిపోయినాడు.

ఆయన సందు మలుపు తిరిగినాడో లేదో, రాజ్యలక్ష్మమ్మ చెంగు నడుముకు చుట్టింది.

"పేరు వింటేనే తెలుస్తాంది ఎవరో. నట్టింట్లోకి తెస్తివి. పెట్టె లోపలా బయటా అంతా చేతులు పెట్టిస్తివి. రేపు దానికి కొబ్బరికాయ కొట్టాలంటే నాకు ప్రాణం ఒప్పద్దా?"

"ముట్టకుండా బిగించేదానికి ఆయప్పేమన్నా మంత్రగాడా?"

"నేను ముట్టద్దన్నానా? ముట్టినాడు, పోయినాడు. ఇంక నా పని నన్ను చేసుకోనీ."

ఆమె నట్టిల్లు కడిగింది. చెంబులో పసుపు నీళ్లు కలిపి, మామిడాకుతో పెట్టె మీద చిలకరించింది. మూత ఎత్తి లోపల కూడా చిలకరించింది, ఏసురాజు చెయ్యి లోపలికి పోయింది కదా మరి. అంతటితో ఆగిందా? ప్లేట్లను ఒక్కొక్కటి ఒళ్లో పెట్టుకుని, పసుపు గుడ్డతో రెండు పక్కలా తుడిచింది. కొత్త వస్తువు బోడిగా ఉండకూడదని, ఒక్కొక్కదానికి చిక్కటి పసుపు చుక్కలు నాలుగు దిక్కులా పెట్టి, వాటి మీద కుంకుమ అద్దింది. నల్లటి ప్లేట్లు పేరంటానికి పోయే ముత్తైదువల మాదిరి నిగనిగలాడినాయి.

సెట్టి చూసి మురిసిపోయినాడు. "మద్రాసు సాహుకారి ఇంట్లో కూడా ఈ కళ లేదే" అన్నాడు.

పొద్దున్నే అంగడి గుమాస్తా ఓబులేసును ఇంటింటికీ తోలినాడు. "సెట్టి ఇంట్లో పాటల పెట్టెకు పూజ, అందరూ రావాల" అని ఓబులేసు చెప్పినాడు. బొరుగుల ఉగ్గాని, బజ్జీలు పెడతారని సెట్టి చెప్పలేదు, ఓబులేసే కలిపినాడు. లేకుంటే ఎవరొస్తారు?

జనం వచ్చినారు. నిజంగానే వచ్చినారు. నల్ల బండల అరుగు ఈ కొస నుంచి ఆ కొస దాకా నిండింది. స్తంభాలకు ఆనుకున్నారు. తల నూనె అంటింది. సెట్టి ఒక్క మాట అనలేదు. కిటికీలో నుంచి ఆ తలకాయలను చూస్తూ, నీళ్లు నిండిన చెరువును చూసే రైతు మాదిరి నిలబడిపోయినాడు. పెంచలయ్య అందరికంటే ముందు, కిటికీ పక్కనే కాలు మీద కాలు వేసుకుని కూర్చున్నాడు.

"ఏం బావా, ఉగ్గాని ముందా, పాట ముందా?" అన్నాడు పెంచలయ్య.

"ఉగ్గాని ఎవరు చెప్పినారు? పానకం ఉండాది."

"పానకమా?" అని అరుగంతా ఒక నిట్టూర్పు పోయింది.

ఏసురాజు కూడా వచ్చినాడు, ఇస్త్రీ చొక్కా వేసుకుని. గడప దాటబోతుంటే రాజ్యలక్ష్మమ్మ అడ్డం నిలబడింది. "నువ్వు బయటనే ఉండు నాయనా. శుద్ధి చేసినాము. ఏం చెయ్యాల్నో ఆడ నుంచే చెప్పు, ఆయప్ప చేస్తాడు."

ఏసురాజు ఆమె మొగం వైపు చూసినాడు. తర్వాత సెట్టి వైపు చూసినాడు. సెట్టి పైకప్పు వైపు చూసినాడు. ఏసురాజు చెప్పులు కూడా విప్పకుండా వెనక్కి పోయి, సందు నడిమధ్య, అరుగు మీది జనానికి అవతల చేతులు కట్టుకుని నిలబడినాడు. రోజూ మంత్రులకు గొంతు పెంచేవాడు, ఈరోజు తన గొంతు తానే పెంచుకోవాల్సి వచ్చింది.

కొబ్బరికాయ కొట్టినారు. సంజీవశాస్త్రి ఏదో మంత్రం చదివి, "ఊఁ, తిప్పు" అన్నాడు.

"ఎడం పక్క బుడిపె, సెట్టీ!" అని సందులో నుంచి ఏసురాజు అరిచినాడు.

సెట్టి తిప్పినాడు. ఏం లేదు.

"ఏమప్పా, పలకల్యా?"

"కాగనీ! పాలు కాగినట్ల లోపల బుడ్లు కాగాల!"

గాజు వెనక పచ్చటి దీపపు కన్నొకటి మెల్లగా తెరుచుకుంది. ఆడవాళ్లు "వాయబ్బా" అని వెనక్కి జరిగినారు. శాస్త్రి దణ్ణం పెట్టినాడు. అప్పుడు పెట్టె పలికింది. పెనం మీద నూనెలో పోపు వేసినప్పుడు వచ్చే చప్పుడు. సుయ్యిమని అదే చప్పుడు, ఆగకుండా.

జనం చెవులు రిక్కించుకుని విన్నారు. మర్యాదస్తులు, చాలాసేపే విన్నారు.

"బావా" అన్నాడు పెంచలయ్య, "పోపు బాగా వేగింది. ఉగ్గాని కలిపెయ్యొచ్చు."

"కుడి పక్క బుడిపె తిప్పు సెట్టీ, మెల్లగా!" అని ఏసురాజు అరిచినాడు.

సెట్టి గాజు మీది ముల్లును ఈ ఊరి నుంచి ఆ ఊరికి తిప్పినాడు. మద్రాసులో పోపు. బెజవాడలో పోపు. హైదరాబాదులో ఇంకొంచెం నూనె ఎక్కువ. ముల్లు గాజు కొస దాకా పోయినాక, ఎవరో ఒక మనిషి గబగబా మాట్లాడినాడు. ఏ దేశమో, ఏ భాషో. గొంతులో మాత్రం కోపం ఉంది.

సెట్టి మొగం వెలిగిపోయింది. "పలికింది! వింటిరా?"

"వింటిమి" అన్నాడు పెంచలయ్య. "నిన్ను పొగుడుతాండాడా, తిడతాండాడా బావా? ఊపు చూస్తే పిలవని పేరంటానికి వచ్చిన వియ్యంకుని మాదిరి ఉండాడు."

అరుగు మీద నవ్వులు. శాస్త్రి మాత్రం "శబ్దం వచ్చింది, ముహూర్తం సరిపోయింది" అని దక్షిణ పంచె కొంగులో ముడివేసుకుని, పానకం తాగకుండానే వెళ్లిపోయినాడు. ఇంకో ఇద్దరు ముగ్గురు కూడా లేచి గుడ్డలు దులుపుకున్నారు. అరుగు ఆ మూలన ఖాళీ అవుతా ఉంది.

"కూర్చోండప్పా, కూర్చోండి! రేడియో ఒక్కటే కాదు దీంట్లో. ఇప్పుడు ప్లేట్లు పాడతాయి. మనిషి చెయ్యి పెట్టే పనే లేదు, దానంతటదే!"

లేచినవాళ్లు సగం కూర్చున్నారు. సెట్టి మూత ఎత్తి, ముత్తైదువ ప్లేట్లన్నీ నడిమి చువ్వకు దోపినాడు. సందులో నుంచి ఏసురాజుకు ప్లేట్లు కనపడలేదు, కనపడి ఉంటే అక్కడే కూలబడేవాడు. "పక్కన మీట పైకి లాగు!" అని మాత్రం అరిచినాడు.

మీట లాగినాడు. ప్లేటు దబ్బుమని పడింది. ముల్లు దానంతటదే వచ్చి, దాని మీద వాలింది. జనం "ఆహా" అన్నారు. ఒక ఆడగొంతు శ్రీశైలం మల్లన్న మీద పాట ఎత్తుకుంది. మెట్టు ఎక్కి వస్తానయ్యా, నీ దర్శనం చేస్తానయ్యా అని పాట. గొంతు తేనె మాదిరి ఉంది. సెట్టి కిటికీలో నుంచి అరుగు వైపు గర్వంగా చూసినాడు.

"మెట్టు ఎక్కి" అని పాడింది ఆమె. "మెట్టు ఎక్కి. మెట్టు ఎక్కి. మెట్టు ఎక్కి."

ముల్లు పసుపు చుక్క దాకా పోతుంది, గట్టు తగిలి వెనక్కి దూకుతుంది. మళ్లీ పోతుంది, మళ్లీ దూకుతుంది.

"మెట్టు ఎక్కి. మెట్టు ఎక్కి."

"శానా మెట్లుండాయే" అన్నాడు ఒకడు.

"శ్రీశైలం కదప్పా, ఉండవా?" అన్నాడు ఇంకొకడు.

పెంచలయ్య కిటికీలోకి తల పెట్టి, పెట్టెతోనే మాట్లాడినాడు. "అమ్మా తల్లీ, మోకాళ్లు నొప్పి పుట్టల్యా? కాసేపు కూర్చో తల్లీ. సెట్టి పానకం ఇస్తాడంట, తాగి ఎక్కుదువు."

అరుగంతా ఘొల్లుమంది. సెట్టి మీట లాగి, నెట్టి, పెట్టెను చేత్తో చరిచినాడు. ఆ దెబ్బకు పై ప్లేటు పడింది. అదొక్కటే పడలేదు. ఇంకా తడి ఆరని పసుపుకు రెండు ప్లేట్లు అప్పచ్చుల్లా అతుక్కుని, మొగుడూ పెండ్లాల మాదిరి జంటగా పడినాయి. ముల్లుకు పసుపు ముద్ద పట్టింది. ఈసారి పాట కూడా రాలేదు. ముక్కులో దూది పెట్టుకున్నవాడు గొణిగినట్టు ఒక చప్పుడు వచ్చి, అదీ ఆగిపోయింది.

"ఏమైంది సెట్టీ?" అని ఏసురాజు అరిచినాడు. ఇంక ఉండలేక జనాన్ని తోసుకుని కిటికీ దగ్గరికి వచ్చి లోపలికి చూసినాడు. పసుపు, కుంకుమ. చూసి, కిటికీ చువ్వ పట్టుకుని ఆ చుక్కలను ఒక్కొక్కటే లెక్కపెట్టినాడు. అంతసేపు ఆయన నోరు మూసుకుని ఉండటం కర్నూలులో ఎవరూ చూడలేదు.

"ఎవరు పూసినారు?" అన్నాడు కడాకు.

"శుద్ధి" అన్నాడు సెట్టి.

"ఎందుకు శుద్ధి?"

సెట్టి మళ్లీ పైకప్పు వైపు చూసినాడు. జనానికి ఆ జవాబు తెలుసు. ఏసురాజుకూ తెలుసు. ఈసారి ఎవరూ నవ్వలేదు. తర్వాత ఒక్కొక్కరే లేచి, గుడ్డలు దులుపుకుని, ఎదురుగా పోయి పెంచలయ్య మట్టి అరుగు మీద కూర్చున్నారు. అక్కడికి చేరినాక మాత్రం ఆపుకోలేక నవ్వినారు. "మెట్టు ఎక్కి, మెట్టు ఎక్కి" అని ఒకడు ఆడగొంతుతో పాడినాడు. మిగతావాళ్లు పొట్ట పట్టుకున్నారు.

నల్ల బండల అరుగు మళ్లీ అద్దం మాదిరి మెరిసింది. దాంట్లో సెట్టి మొగం ఒక్కటే కనపడింది.

"బాగు చెయ్యప్పా ఏసురాజూ" అన్నాడు సెట్టి.

"చేస్తా. ప్లేట్లు తుడవాల, ముల్లు మార్చాల, లోపల తడి ఆరబెట్టాల. అన్నిటికీ ముట్టాల. నేను ముడితే అమ్మగారు కడుగుతారు. కడిగితే చెడిపోతుంది. చెడిపోతే నన్ను పిలుస్తారు." ఏసురాజు వేళ్లు మడుచుకుంటూ చెప్పినాడు. "నాకైతే జీవితాంతం పని దొరికినట్లే సెట్టిగారూ. మీకే పాట దొరకదు."

సెట్టి లోపలికి పోయి భార్యను బతిమాలినాడు. "ఈ ఒక్కసారికి ముట్టనీవే."

"ముట్టనీ. నేను మళ్ల కడుగుతా" అన్నది రాజ్యలక్ష్మమ్మ, బియ్యం ఏరుకుంటూ. "గడప లోపల నా మాట. గడప బయట నువ్వేం చేసుకుంటావో నీ ఇష్టం."

సెట్టి గడప వైపు చూసినాడు. గడప బయట అరుగు ఉంది.

మధ్యాహ్నం ఎండలో ఓబులేసూ, ఇంకో ముగ్గురు హమాలీలూ పెట్టెను ఎత్తి తెచ్చి అరుగు మీద పెట్టినారు. వైరు కిటికీలో నుంచి బయటికి లాగినారు. ఏసురాజు కిందనే నిలబడి చూసినాడు.

"నేను పొద్దుననే అరిచి అరిచి గొంతు పోగొట్టుకుంటి" అన్నాడు. "మళ్ల సందులో నిలబడి చెయ్యలేను. పెట్టె పక్కన కూర్చుంటేనే పని. అరుగు మీద కూర్చోవాల్నా, వద్దా? మీరే చెప్పండి."

ఎదురు అరుగు మీద వాళ్లంతా ఇటు తిరిగినారు. ఎవడో ముసలాయన "అరుగు మీదనా?" అని గొణిగినాడు.

"నీకు పాట కావాల్నా, పంచాంగం కావాల్నా?" అని పెంచలయ్య ఆ ముసలాయనను కసిరినాడు.

సెట్టికి పొద్దున నిండిన అరుగు కళ్లలో మెదిలింది. "కూర్చోప్పా" అన్నాడు. కాళ్లు దులుపుకుంటివా అని నాలుక కొస దాకా వచ్చింది గానీ, మింగేసినాడు.

ఏసురాజు కూర్చున్నాడు. బాసింపట్టు వేసుకుని, స్తంభానికి ఆనుకుని మరీ కూర్చున్నాడు. ప్లేట్లను మెత్తటి గుడ్డతో ఒక్కొక్కటిగా తుడిచినాడు. ముల్లు మార్చినాడు. పెట్టె వెనక రేకు విప్పి, లోపల ఎండ తగిలేటట్టు తిప్పి పెట్టినాడు. పని చేస్తున్నంతసేపూ మంత్రుల కథలు చెప్పినాడు. ఏ మంత్రి మైకును కొరుకుతాడో, ఏ మంత్రి దానికి దూరంగా పారిపోతాడో. ఆ కథలు వినడానికే ఒకరిద్దరు మట్టి అరుగు దిగి ఇటు వచ్చినారు. వాళ్లను చూసి ఇంకో ఇద్దరు.

పొద్దు వాలింది. స్టేషన్లు తెరిచినారు. ఏసురాజు వేలు పెట్టి ఇట్లా అన్నాడో లేదో, పెట్టెలో నుంచి నాదస్వరం, పక్కనే నిలబడి వాయిస్తున్నట్టు, సందంతా నిండిపోయింది. మట్టి అరుగు ఒక్క దెబ్బకు ఖాళీ అయింది. పెంచలయ్య కూడా అంగడికి గోనె పట్టా దించి వచ్చి, పెట్టె ముందర సరిగ్గా నడిమధ్య కూర్చున్నాడు. ఏసురాజు పక్కనే, తొడ తగులుతూ. ఆడవాళ్లు వాకిళ్లలో నిలబడినారు. బండ్లవాళ్లు ఎడ్లను విప్పినారు. అరుగు నిండింది, అరుగు మెట్లు నిండినాయి. మధ్యాహ్నం "అరుగు మీదనా?" అన్న ముసలాయన ఏసురాజు మోకాలికి ఆనుకుని కునుకు కూడా తీసినాడు.

సెట్టి ఆ దృశ్యం చూసి, పంచె సర్దుకుని, తాను కూర్చోవాల్సిన చోటి కోసం వచ్చినాడు. నడిమధ్య పెంచలయ్య ఉన్నాడు. ఆ పక్క ఏసురాజు. ఈ పక్క బండ్లవాళ్లు. ఇంటాయన వచ్చినాడని ఎవరూ కదలలేదు, కళ్లు మూసుకుని పాట వింటున్నారు కదా. సరే, కనీసం బుడిపె అన్నా తిప్పుదామని తలకాయల మీదుగా చెయ్యి చాపినాడు.

"సెట్టీ, ముట్టద్దు!" అని ఏసురాజు ఆయన చెయ్యి పట్టుకుని ఆపినాడు. "మీ చేతికి ఇంకా పసుపు ఉండాది."

అరుగంతా వెనక్కి తిరిగి సెట్టి చేతుల వైపు చూసింది. ఉంది. పొద్దున ప్లేట్లు దోపినప్పుడు అంటిన పసుపు. సెట్టి చేతులు వెనక్కి పెట్టుకున్నాడు.

"కొంచెం పక్కకు జరుగు బావా" అన్నాడు పెంచలయ్య, చాలా మర్యాదగానే. "నువ్వు అడ్డం నిలబడినావు."

సెట్టి జరిగినాడు. ఇంకొంచెం జరిగినాడు. సందు దాటే దాకా జరిగినాడు. ఆడ ఖాళీగా ఉన్నది ఒక్క మట్టి అరుగే. కాళ్లు దులుపుకుని కూర్చున్నాడు.

తర్వాత పెట్టె ఇంట్లోకి పోలేదు. ఇంతమంది ముట్టినదాన్ని రానివ్వనని రాజ్యలక్ష్మమ్మ గడప దగ్గరనే ఆపేసింది. సెట్టి తన అంగడి రేకులు తెచ్చి దానికి పైన నీడ వేయించినాడు. మీటింగు లేని పొద్దు ఏసురాజు వచ్చి తిప్పేవాడు. ఆయన రానప్పుడు పెంచలయ్య తిప్పేవాడు, ఏసురాజు దగ్గర నేర్చుకున్నాడు. సెట్టికి మాత్రం ఇద్దరూ నేర్పించలేదు. ఆయన నేర్చుకునే ముందే తనకు తెలుసంటాడు, అదీ చిక్కు. కర్నూలు పాతవూరిలో అంత నిండిన అరుగు ఇంకోటి లేదని అందరూ ఒప్పుకునేవాళ్లు. సెట్టి కోరిక తీరిందని కూడా అనేవాళ్లు.

ఒకరోజు కోసిగి నుంచి కూలి వెతుక్కుంటూ వచ్చిన తిమ్మయ్య అనే మనిషి, నెత్తి మీది మూట దించి మట్టి అరుగు మీద సెట్టి పక్కన కూలబడినాడు. సెట్టికి ఒక మనిషి దొరికినాడు.

"ఆ పెట్టె చూస్తివా? మాదే. మద్రాసు నుంచి తెప్పించినాను. ఆ అరుగూ మాదే. కడప బండలు. ఇట్లాంటి పెట్టె ఇంకో మూడు రాష్ట్రాల్లో లేదు."

తిమ్మయ్య ఎదురుగా చూసినాడు. కిక్కిరిసిన జనం, నవ్వులు, పాట. తర్వాత సెట్టి వైపు చూసినాడు.

"అంతా నీదే అయితే నువ్వు ఈడ ఒక్కనివే కూర్చుంటివేమప్పా?"

"ఈడికే బాగా వినపడుతుంది" అన్నాడు సెట్టి. "దగ్గర కూర్చుంటే ఏం వినపడుతుంది? మా తాత కాలంలో గ్రామఫోను ఉన్నప్పుడు కూడా మేము ఇట్లనే దూరం నుంచి..."

తిమ్మయ్య కాసేపు విన్నాడు. మూట ఎత్తుకున్నాడు. సందు దాటి, ఎదురు అరుగు మెట్టు మీద, జనం మధ్యలో ఇంత సందు చేసుకుని కూర్చున్నాడు.